ప్లగిన్ పాత సర్వర్‌పై ఆగిపోతే తప్పు ఎవరిది?

కొత్తబాట:
నేను చూసుకునే ఒక వర్డ్‌ప్రెస్ (వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) సైట్‌లో ఫారం ప్లగిన్, అంటే ఫారం సౌకర్యాన్ని జోడించే అదనపు ప్రోగ్రామ్, అప్‌డేట్ చేయగానే సైట్ మొత్తం పడిపోయింది. సర్వర్ ఫైళ్లను తెరిచే ఎఫ్‌టీపీలో ఆ ప్లగిన్ ఫోల్డర్ పేరు మార్చాకే మళ్లీ తెరుచుకుంది. ఎర్రర్ లాగ్‌లో ఉన్నది ఇదీ: "సింటాక్స్ ఎర్రర్, అన్ఎక్స్‌పెక్టెడ్ '?'". అంటే కోడ్ రాసే నియమాల (సింటాక్స్) ప్రకారం అక్కడ ఉండకూడని '?' కనిపించిందని. వర్డ్‌ప్రెస్, ప్లగిన్లు రాసే భాష పీహెచ్‌పీ; సర్వర్‌లో దాని 5.6 వెర్షన్ ఉంది. ప్లగిన్ వాళ్లు సర్వర్ మార్చుకోమంటున్నారు, హోస్టింగ్ వాళ్లు ప్లగిన్‌దే లోపం అంటున్నారు. నిన్నటిదాకా నడిచినదాన్ని ఆపింది అప్‌డేటే కదా? దానికి బాధ్యత ప్లగిన్ వాళ్లది కాదా?

నిప్పురవ్వ:
కాదండీ. ఆ '?' అన్నది '??' ఆపరేటర్‌లో (ఒక విలువ లేకపోతే ఇంకోటి తీసుకోమనే గుర్తు) భాగం. అది పీహెచ్‌పీ 7.0తో 2015లోనే వచ్చింది. 5.6కి భద్రతా సవరణలు 2018 డిసెంబర్‌తో ఆగిపోయాయి. వర్డ్‌ప్రెస్ కూడా 2023లో, 6.3 వెర్షన్‌తో 5.6ని వదిలేసింది. ఎప్పుడో ఆగిపోయిన వెర్షన్ కోసం ప్రతి మార్పునూ రెండుసార్లు పరీక్షించమని, అదీ ఉచితంగా ప్లగిన్ ఇచ్చేవాళ్లను అడగడం అన్యాయం.

పాతకాపు:
సర్వర్ మార్చడం అంత తేలికైతే ఈపాటికి అందరూ మార్చేసేవారు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో మాట్లాడే పాత ఫంక్షన్లు పీహెచ్‌పీ 7.0లో తీసేశారు. ఈచ్, క్రియేట్_ఫంక్షన్ అనే ఫంక్షన్లు రెండూ 8.0లో పోయాయి. పాత థీమ్‌లో (సైట్ రూపాన్ని ఇచ్చే కోడ్) వీటిలో ఒక్కటి ఉన్నా చాలు, ఒక ఫారం కోసం సైట్ మొత్తం ఆగుతుంది. ఇంకో మాట. కొన్ని లినక్స్ పంపిణీలు వెర్షన్ నంబర్ మార్చకుండానే భద్రతా సవరణలను పాత పీహెచ్‌పీలోకి తెచ్చి పెడతాయి. కాబట్టి నంబర్ చూసి "ఇది అసురక్షితం" అని తేల్చేయకండి. మీ హోస్టింగ్ వాళ్లను అడగండి.

చుక్కాని:
కొత్త సింటాక్స్ వాడటం తప్పు కాదు, చెప్పకుండా వాడటం తప్పు. ప్లగిన్ ప్రధాన ఫైల్ పైన "రిక్వైర్స్ పీహెచ్‌పీ: 7.0" అని ఒక్క లైన్ ఉంటే, పాత సర్వర్‌లో వర్డ్‌ప్రెస్ ఆ ప్లగిన్‌ని ఆన్ చేయనివ్వదు. వర్డ్‌ప్రెస్ 5.2 నుంచీ ఈ సౌకర్యం ఉంది. కొత్తబాట గారూ, ఆ ఫైల్ తెరిచి చూడండి, ఆ లైన్ ఉందా?

కొత్తబాట:
లేదండీ. కానీ ఫైల్ మొదట్లోనే వెర్షన్ పరీక్ష రాశారు: తక్కువైతే హెచ్చరిక చూపించి ఆగిపోవాలని. మరి అదెందుకు పనిచేయలేదు?

చుక్కాని:
ఆ పరీక్ష కింద అదే ఫైల్‌లో '??' ఉంది కదా? పీహెచ్‌పీ ముందు ఫైల్ మొత్తం చదివి అర్థం చేసుకుంటుంది, తర్వాతే మొదటి లైన్ నడుపుతుంది. చదవడంలోనే ఆగిపోతే పరీక్ష దాకా రానే రాదు. ప్రధాన ఫైల్‌ని పాత సింటాక్స్‌లోనే ఉంచి, పరీక్ష నెగ్గాకే కొత్త కోడ్ ఉన్న వేరే ఫైల్‌ని పిలవాలి. ప్లగిన్ వాళ్లకు ఇదే రాయండి. గంటలో సరిచేయగల పని, ఎందరికో టెన్షన్ తప్పుతుంది. మీరైతే ఇప్పటికి ప్లగిన్ పాత వెర్షన్ పెట్టుకుని, సైట్ నకలు ఒకటి తీసి, దాని మీద ముందు పీహెచ్‌పీ 7.4, ఆ తర్వాత 8 ప్రయత్నించండి.

నిప్పురవ్వ:
ఆ లైన్ పెట్టి ఉండాల్సింది, ఒప్పుకుంటాను. పాత వెర్షన్‌కి వెళ్లేముందు మాత్రం మార్పుల జాబితా చదవండి. ఆ అప్‌డేట్‌లో భద్రతా సవరణ ఉంటే వెనక్కి వెళ్లొద్దు. సర్వర్ మారేదాకా ఫారం తీసేసి ఈమెయిల్ చిరునామా పెట్టండి.