క్విబుల్‌ని శ్లేష అనొచ్చా?

ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను, కాస్త చూడండి. ఇంగ్లీషు విమర్శకుడు శామ్యూల్ జాన్సన్ 1765లో తన షేక్‌స్పియర్ సంపుటాలకు రాసిన ముందుమాటలోంచి ఒక పేరా తెలుగు చేస్తున్నాను. షేక్‌స్పియర్‌కి క్విబుల్, అంటే మాటతో ఆడే చమత్కారం, కనిపిస్తే చాలు, ఎంత గంభీరమైన ఘట్టంలో ఉన్నా దాన్ని వదిలేసి దీని వెంట పడతాడని దెప్పిపొడిచే పేరా అది. నా చిత్తుప్రతి ఇది:

"దారినపోయేవాడికి కొరివిదయ్యం ఎలాంటిదో షేక్‌స్పియర్‌కు శ్లేష అలాంటిది. ఏమైనా సరే దాని వెంటే పోతాడు. అది దారి తప్పించడం ఖాయం, బురదలో దింపడం ఖాయం. అతని పాలిటి క్లియోపాత్రా ఈ శ్లేషే. దానికోసం లోకాన్నే పోగొట్టుకున్నాడు, పోతే పోయిందిలే అనుకున్నాడు."

క్లియోపాత్రా అంటే షేక్‌స్పియర్ నాటకంలో ఆంటోనీ ఎవరికోసం లోకాన్నే వదులుకున్నాడో ఆ రాణి. కొరివిదయ్యం బాగానే కుదిరిందనుకుంటా. మూలంలో 'వెలిగే ఆవిర్లు' అని ఉంది. చీకట్లో చిత్తడి నేలల మీద కనబడే ఆ వెలుగు మన పల్లెల్లో కొరివిదయ్యమే కదా. చిక్కంతా శ్లేషతోనే. క్విబుల్ అన్నా, పన్ అన్నా మనకు ముందు నోటికొచ్చే మాట అదే. కానీ చదివితే తిట్టినట్టు లేదు. మా అమ్మకి వినిపిస్తే "శ్లేష రాశాడా? అయితే పండితుడే" అంది.

* * *

మీ అమ్మగారు సరిగ్గా పట్టుకున్నారమ్మా. మనకు శ్లేష అలంకారం. వక్రోక్తులన్నిటికీ శోభ పెంచేది శ్లేషేనన్నాడు సంస్కృత ఆలంకారికుడు దండి. పింగళి సూరన రాఘవపాండవీయంలో అవే పద్యాలు రామాయణంగానూ నడుస్తాయి, భారతంగానూ నడుస్తాయి. రామరాజభూషణుడు హరిశ్చంద్రుడి కథనీ నలుడి కథనీ అలాగే ఒకేసారి చెప్పాడు. ఇద్దరిదీ పదహారో శతాబ్దమే, షేక్‌స్పియర్ పుట్టిన శతాబ్దమే.

ఇక జాన్సన్ 1755 నిఘంటువులో క్విబుల్‌కి ఇచ్చిన అర్థం చూడండి. మాటల చప్పుడు మీద ఆధారపడ్డ నీచమైన చమత్కారం అన్నాడు. నిఘంటువులోనే తీర్పు చెప్పేశాడు పెద్దాయన! అలాంటి మాటకు బదులు మన అలంకారశాస్త్రంలోంచి మాట తెచ్చి పెడితే, దోషాల జాబితాలో గుణాన్ని చేర్చినట్టవుతుంది. మీ వాక్యంలో 'పాలిటి' మాత్రం మార్చకండి. 'నా పాలిటి యముడు' అంటాం చూడండి, మూలంలో క్లియోపాత్రాకి ముందున్న 'ఫేటల్' (ప్రాణాంతకమైన) అన్నది అందులో వచ్చేసింది.

* * *

మాస్టారూ, నాకో డౌట్. షేక్‌స్పియర్ బతికున్నప్పుడు ఎవరూ దీన్ని తప్పుపట్టలేదా? జాన్సన్ ఒక్కడికే ఇంత కోపమా?

* * *

ఒక్కడికే కాదు బాబూ. ఆ కోపం జాన్సన్ కన్నా వందేళ్ల ముందే మొదలైంది. షేక్‌స్పియర్ కాలంలో బిషప్పులు రాజుగారి ముందు ప్రసంగం చేస్తూ కూడా మాటలు విరిచేవాళ్లు. ఒకటో జేమ్స్ రాజు స్వయంగా పన్‌లు విసిరేవాడనీ, ఏదో ఒకప్పుడు అలా ఓ పన్ పేల్చి పేరు తెచ్చుకోనివాణ్ణి బిషప్పునో మంత్రాంగ సభ్యుణ్ణో చేయడం అరుదనీ వ్యాసకర్త అడిసన్ తర్వాత ఎద్దేవా చేశాడు.

ఆ తర్వాత గాలి మారింది. 1660లో శాస్త్రజ్ఞుల సంఘం రాయల్ సొసైటీ వచ్చింది. దాని చరిత్ర రాసిన స్ప్రాట్ 1667లో, ఎన్ని వస్తువులో దాదాపు అన్నే మాటల్లో చెప్పాలన్నాడు. ఒక వస్తువుకి ఒక మాట చాలన్నప్పుడు, ఒకే మాటలో రెండర్థాలు పెట్టేవాడు దొంగలా కనిపించడూ? మరుసటి ఏడు, 1668లో, కవి డ్రైడెన్ షేక్‌స్పియర్‌ని ఆకాశానికెత్తుతూనే, ఆయన హాస్యం చాలాసార్లు మాటవిరుపుల్లోకి దిగజారుతుందని చురక పెట్టాడు. కవి అలెగ్జాండర్ పోప్ 1725లో తన షేక్‌స్పియర్ సంపుటం వేసినప్పుడు మరో అడుగు ముందుకేశాడు. తనకు బొత్తిగా నచ్చని భాగాల్ని పేజీ అడుక్కి దింపేశాడు. ఇవి ఆయన రాసినవి కావు, ఎవరో చొప్పించి ఉంటారని సాకు. మన పండితులు తమకు గిట్టని పద్యాన్ని 'ప్రక్షిప్తం' అనేస్తారే, అదే వాటం.

అందరిలోకీ ఈ గుంపుకి పనికొచ్చేవాడు అడిసన్. 1711 మే 10 నాటి స్పెక్టేటర్ పత్రికలో ఒక పరీక్ష పెట్టాడు. చమత్కారాన్ని ఇంకో భాషలోకి మార్చిచూడు, నిలిచిందా అసలు సరుకు, ఆవిరైపోయిందా అది వట్టి పన్. అంటే ఈవిడ మూడు రోజులుగా చేస్తున్న పనినే ఆయన నాణ్యానికి కొలతగా పెట్టాడు. ఆ లెక్కన రాఘవపాండవీయంలో ఒక్క పద్యమూ మిగలదు!

మళ్లీ గాలి తిప్పినవాడు కవి కోల్‌రిడ్జ్, పందొమ్మిదో శతాబ్దం మొదట్లో. రెండో రిచర్డ్ నాటకంలో జాన్ ఆఫ్ గాంట్ చావుబతుకుల్లో ఉండి కూడా తన పేరు మీద తనే ఆడుకుంటాడు. ఇంగ్లీషులో గాంట్ అంటే బక్కచిక్కినవాడని అర్థం. రోగిష్టివాళ్లు తమ పేర్లతో ఇంత సోకుగా ఆడుకుంటారా అని రాజు అడుగుతాడు కూడా. ఆ ఆట సహజమేనన్నాడు కోల్‌రిడ్జ్. ఉద్వేగం ముదిరినప్పుడు మనిషి మాటల్ని పట్టుకుని నలుపుతాడు. మన పల్లెల్లో చావింట్లో శోకాలు విన్నవాళ్లకి ఇది వివరించి చెప్పనక్కర్లేదు.

తర్వాత 1930లో ఎంప్సన్, ఇరవై నాలుగేళ్ల కుర్రాడు, ఒక మాటలో అర్థాలు పేరుకోవడమే కవిత్వానికి బలమని పుస్తకం రాసేశాడు. 1957లో మహూడ్ షేక్‌స్పియర్ మాటలాట మీదే ఒక గ్రంథం వేసింది. జాన్సన్ మచ్చ అన్నదాన్నే ఇప్పుడు కాలేజీల్లో సొగసని పాఠం చెబుతున్నారు.

* * *

సొగసు అనడం మరీ ఎక్కువైందేమో మాస్టారూ. మా పిల్ల ఇక్కడ అమెరికాలో హైస్కూల్లో మాక్బెత్ చదువుతోంది, ప్రతి లైనులోనూ రెండో అర్థం వెతికి హోంవర్కు చేయాలట! అయితే ఒకటి ఒప్పుకోవాలి. కొన్ని పన్‌లు అసలు జాన్సన్ చెవిన పడ్డాయో లేదో. షేక్‌స్పియర్ హాస్యపాత్ర ఫాల్‌స్టాఫ్ ఒకచోట, రీజన్లు బ్లాక్‌బెర్రీ పళ్లంత చవగ్గా దొరికినా సరే, బలవంతపెడితే మాత్రం ఇవ్వనంటాడు. కారణాలకీ పళ్లకీ పొత్తేమిటి? అప్పట్లో రీజన్‌ని దాదాపు రేజిన్ అని పలికేవారు, రేజిన్ అంటే ఎండుద్రాక్ష. లండన్ గ్లోబ్‌లో 2004లో రోమియో జూలియట్‌ని ఆనాటి ఉచ్చారణతో ఆడారు కూడా. ఉచ్చారణ పోతే జోకు పోయినట్టే.

ఇంకోటి. మాటలాట తప్పు అని చెప్పడానికి జాన్సన్ ఒకే పేరాలో కొరివిదయ్యం, బంగారు ఆపిల్, క్లియోపాత్రా, ఇన్ని పోలికలు గుప్పించాడు. అందులో క్లియోపాత్రా షేక్‌స్పియర్ నాయికే. ఎవరు ఎవరి వెంటపడ్డట్టు?

* * *

మాటకు బదులు మాట ఇవ్వకుండా చరిత్రలోకి వెళ్లిపోయారందరూ! 'మాటల గారడీ' అనండి, సరిపోతుంది. 'డబుల్ మీనింగ్' మాత్రం వద్దు, సినిమా వాళ్ల పుణ్యాన అది బూతు అయి కూర్చుంది.

* * *

గారడీలో మోసం వాసన ఉంది తమ్ముడూ. జాన్సన్ తిట్టింది మోసమని కాదు, అల్పమని. 'మాటల కుప్పిగంతు' అంటే ఎలా ఉంటుంది? అన్నట్టు, ఈనాటి ఇంగ్లీషులో క్విబుల్ అంటే చిల్లర పేచీ. పాఠకులు ఆ అర్థం తీసుకోకుండా చూడాలి.

ఇంతకీ అడిసన్ పరీక్ష ఓసారి పెట్టిచూద్దామా? రోమియో జూలియట్‌లో కత్తిపోటు తిని చస్తూ మెర్కూషియో అంటాడు: రేపు నాకోసం వాకబు చెయ్యి, గ్రేవ్ మ్యాన్‌నై కనిపిస్తాను. గ్రేవ్ అంటే గంభీరమైన అనీ, సమాధి అనీ. నా వంతుగా: "రేపొచ్చి అడుగు, ఎంత లోతు మనిషినో నీకే తెలుస్తుంది."

* * *

అబ్బ, లోతు మనిషి! కానీ అడిసన్ ఒప్పుకోడు అన్నయ్యా. అక్కడి పన్ ఆవిరైపోయింది, ఇక్కడ మీరు కొత్తది పుట్టించారు.

* * *

పోతే పోయిందిలే.

* * *

అందరికీ థాంక్స్. ఇలా మార్చాను: "అతని పాలిటి క్లియోపాత్రా ఈ మాటల కుప్పిగంతే." అమ్మకి మళ్లీ చదివి వినిపించాను. "మరీ అంత మాటన్నాడా!" అంది. కుప్పిగంతే ఉంచేస్తున్నాను. 'శ్లేష'ని మాత్రం కోల్‌రిడ్జ్ వంతు వచ్చినప్పుడు వాడతాను.