అధ్యయనం కోసం ఫ్రాకింగ్ ఆపడం: న్యూయార్క్ చేసింది విరామమా, వాయిదానా?

ఆల్బనీ వాసి:

మిత్రులకు నమస్కారం. ఫ్రాకింగ్ (లోతైన రాతి పొరలను నీటి ఒత్తిడితో పగలగొట్టి గ్యాస్ తీయడం) ప్రస్తావన వచ్చినప్పుడల్లా "ముందు ఆపండి, పర్యావరణానికి ఏమవుతుందో తేల్చండి, తరవాత చూద్దాం" అనే మాట వినిపిస్తుంది. ఆ మాటను నిజంగా ఆచరణలో పెట్టిన రాష్ట్రం మాది కాబట్టి, చర్చను న్యూయార్క్ అనుభవం మీద నడుపుదామని నా మనవి. 2008 జూలైలో అప్పటి గవర్నర్ డేవిడ్ పాటర్సన్, మార్సెల్లస్ షేల్ అనే గ్యాస్ ఉన్న రాతి పొరలో భారీగా నీరు పంపి చేసే ఫ్రాకింగ్‌పై అదనపు పర్యావరణ సమీక్ష జరపాలని ఆదేశించడంతో, అది ముగిసేదాకా అలాంటి బావులకు అనుమతులు ఆగిపోయాయి. ఆరేళ్లు దాటాక, 2014 డిసెంబరు 17న ఆండ్రూ క్యూమో ప్రభుత్వం ఏకంగా నిషేధమే ప్రకటించింది. 2020లో అది రాష్ట్ర చట్టంలోకి ఎక్కింది.

నేను ఆ ఆపుదలను సమర్థిస్తాను. న్యూయార్క్ నగరం తాగే నీటిలో అధికభాగం క్యాట్‌స్కిల్, డెలావేర్ పరీవాహక ప్రాంతాల నుంచి వడపోత లేకుండానే వస్తుంది. అలాంటి నీరు ఒకసారి చెడితే బాగుచేయడం సామాన్యమైన పని కాదు. గ్యాస్ మాత్రం ఎక్కడికీ పోదు. దాదాపు 39 కోట్ల ఏళ్లుగా ఆ రాతిలో ఉన్నది ఇంకో పదేళ్లు ఉంటుంది.

విశ్రాంత డ్రిల్లింగ్ ఇంజనీరు:

ఆల్బనీ వాసి గారూ, గ్యాస్ పదేళ్లు ఆగుతుంది సరే, దాని మీద పొలం ఉన్న రైతు ఆగగలడా? అమెరికాలో భూమి కింది ఖనిజం మీద హక్కు సాధారణంగా భూయజమానిదే, ప్రభుత్వానిది కాదు. పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలో పొలం లీజుకిచ్చిన రైతుకు చట్టప్రకారం కనీసం ఎనిమిదో వంతు రాయల్టీ రావాలి. సరిహద్దుకు ఇవతల, న్యూయార్క్‌లోని బింగ్‌హామ్టన్ చుట్టుపక్కల రైతులు అదే రాతి పొర మీద సేద్యం చేసుకుంటూ, అవతలివారికి చెక్కులు రావడం చూస్తూ ఆరేళ్లు గడిపారు.

ఇక సాంకేతిక విషయం. బోరును కిలోమీటరున్నర, రెండు కిలోమీటర్ల లోతుకు దించి, షేల్ పొరలో అడ్డంగా తిప్పి, ఉక్కు గొట్టం (కేసింగ్) చుట్టూ సిమెంటు పోసి, ఆ తరవాత నీరు, ఇసుక, ఒకటి రెండు శాతం రసాయనాలు కలిపి తీవ్రమైన ఒత్తిడితో పంపితే రాయి పగులుతుంది. ఆ పగుళ్లు మళ్లీ మూసుకోకుండా ఇసుక రేణువులు అడ్డం పడతాయి. ఒక్కో బావికి కోటిన్నర లీటర్లకు పైగానే నీరు పడుతుంది. ఇళ్ల నీటి బోర్లు సాధారణంగా వంద మీటర్ల లోపే ఉంటాయి. అంత లోతున పుట్టిన పగులు పైకి పాకి ఇంటి బోరును చేరుతుందంటే నా అనుభవం ఒప్పుకోదు. చెడేదల్లా సిమెంటు సరిగా పట్టని చోట. ఆ సందు గుండా నడిమి పొరల్లోని మీథేన్ (సహజవాయువులో ప్రధాన భాగం) పైకి వస్తుంది, అది ఫ్రాకింగ్ చేయని గ్యాస్ బావికీ ఉన్న జబ్బే. అలాగే 2016 సెప్టెంబరులో ఓక్లహోమాలోని పానీ దగ్గర 5.8 తీవ్రతతో వచ్చిన భూకంపానికి మూలం, చమురు, గ్యాస్‌తో పాటు పైకి వచ్చే వ్యర్థ ఉప్పునీటిని లోతు బావుల్లోకి తిరిగి పంపడమే గాని, రాయిని పగలగొట్టడం కాదు. ఇన్ని వేర్వేరు పనులను ఒక్క పేరు కింద కలిపేసి, అన్నింటికీ కలిపి తాళం వేయడాన్ని నేను అధ్యయనం అనలేను. సిమెంటు నాణ్యతకు, ఉప్పునీటి పారవేతకు కఠినమైన నిబంధనలు పెడితే సరిపోయేది.

బొగ్గు సంగతీ మరవకండి. 2005లో అమెరికా కరెంటులో సగం బొగ్గు నుంచి వచ్చేది. 2023 నాటికి అది ఆరో వంతుకు పడిపోయింది. ఆ ఖాళీలో పెద్ద భాగాన్ని నింపింది ఈ గ్యాసే.

సస్క్వెహానా కౌంటీ నివాసి:

ఇంజనీరు గారు చెప్పిన "అవతలివారి"లో నేనూ ఒకణ్ణి. పెన్సిల్వేనియాలోని డిమాక్ మా ఇంటికి కారులో ఇరవై నిమిషాల దూరం. 2009 జనవరి 1న అక్కడ ఒక ఇంటి నీటి బోరులో చేరిన మీథేన్ పేలి, దాని మీది కాంక్రీటు పలక పగిలిపోయింది. ఆ తరవాతి సంవత్సరాల్లో నేను వెళ్లిన ఒక పరిచయస్తుల ఇంట్లో, కుళాయి నీరు గ్లాసులో పడగానే సోడాలాగా తెల్లగా పొంగి, నిమిషం ఆగితే తేటపడేది. బోరు మీద గ్యాస్ బయటికి పోవడానికి మనిషెత్తు గొట్టం పెట్టారు. పెరట్లో పెద్ద ప్లాస్టిక్ ట్యాంకు, చలికాలంలో నీరు గడ్డకట్టకుండా దాని చుట్టూ చెక్కలతో కట్టిన చిన్న గది, లోపల హీటరు. ఇల్లు కొనడానికి ఎవరైనా వస్తే ముందు ఆ గదినే చూసి, తరవాతి మాటలు ముక్తసరిగా మాట్లాడి వెళ్లిపోయేవారట.

ఈ ప్రాంతపు నీటిలో మీథేన్ మొదటినుంచీ ఉందన్నది కంపెనీల వాదన. అది పూర్తిగా అబద్ధం కాదు, పాతకాపులు కూడా ఆ మాట చెబుతారు. అయితే డ్రిల్లింగుకు ముందు ఏ ఇంటి నీటిలో ఎంత ఉందో చూపించే కాగితం చాలామంది దగ్గర లేదు. గ్యాస్ బావికి 2,500 అడుగుల లోపు ఉన్న నీరు ఏడాదిలోపు చెడితే బాధ్యత కంపెనీదేనని భావించాలని 2012లో చట్టం వచ్చింది; ముందుగా నమూనాలు తీయించుకోవడం అప్పుడు కంపెనీలకే అవసరమైంది. అంతకుముందే ఒక్క ఏడాది పని ఆపి, ఇంటింటి నీటినీ పరీక్షించి ఉంటే మా ఊళ్లలో ఇన్ని తగాదాలు ఉండేవి కావు. నేను కోరేది అంతమాత్రపు ఆపుదలే.

భూగర్భశాస్త్ర విద్యార్థిని:

పై రెండు అభిప్రాయాలకూ ఆధారం ఒకే పరిశోధనలో దొరుకుతుంది. డ్యూక్ విశ్వవిద్యాలయం వారు 2011లో ప్రచురించిన పరిశోధనలో 60 నీటి బోర్లను మీథేన్ కోసం పరీక్షిస్తే 51లో కనిపించింది. గ్యాస్ బావులకు దగ్గరున్న బోర్లలో అది సగటున 17 రెట్లు ఎక్కువ. ఫ్రాకింగ్ ద్రవం మాత్రం ఎక్కడా కనిపించలేదు. కాబట్టి పగులు పైకి పాకదన్న ఇంజనీరు గారి మాటకూ బలముంది, నీరు చెడిందన్న డిమాక్ ప్రజల మాటకూ బలముంది. తవ్వకానికి ముందు కొలతలు లేకపోవడమే ఆ పరిశోధన మీద వచ్చిన ప్రధాన విమర్శ. కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ పరిస్థితి కూడా అంతే: తాగునీటిపై విస్తృతమైన, వ్యవస్థాగతమైన ప్రభావాలకు ఆధారాలు లేవని 2015 జూన్ ముసాయిదాలో రాసి, 2016 డిసెంబరు తుది నివేదికలో ఆ వాక్యాన్ని తీసేసింది, దేశం మొత్తం మీద తీవ్రతను లెక్కకట్టడానికి సమాచారం చాలదని ఒప్పుకుంది.

న్యూయార్క్ విషయంలో నన్ను ఇబ్బంది పెట్టేది వేరు. రాష్ట్ర తాత్కాలిక ఆరోగ్య కమిషనర్ హోవర్డ్ జుకర్ 2014లో, ఫ్రాకింగ్ జరిగే చోట తన కుటుంబాన్ని ఉండనివ్వనని చెప్పారు. ఆయన ముందున్న ఆధారాలు ఎక్కడివి? పెద్ద ఎత్తున ఫ్రాకింగ్ న్యూయార్క్‌లో జరగనేలేదు కదా. పెన్సిల్వేనియాలోనూ ఇతర రాష్ట్రాల్లోనూ జనం తాగిన నీరు, పీల్చిన గాలి నుంచి పుట్టిన ఆధారాలే అవి. ఒక రాష్ట్రం ఆగి చూడగలిగిందంటే, పక్క రాష్ట్రం ఆగకుండా భరించింది కాబట్టే. ఆపుదలను సమర్థించేవారు ఈ సంగతిని ఎప్పుడూ ఎత్తరు.

బ్రిటన్ పద్ధతి నాకు కొంత నయమనిపిస్తుంది. 2011 ఏప్రిల్‌లో లంకషైర్‌లోని ప్రీస్ హాల్ దగ్గర 2.3 తీవ్రతతో భూమి కంపించాక పని ఆపారు, ప్రకంపన 0.5 చేరితే వెంటనే ఆపాలన్న నిబంధనతో 2012 డిసెంబరులో మళ్లీ తలుపు తెరిచారు. 2019 ఆగస్టులో 2.9 రాగానే నవంబరులో మళ్లీ మూశారు. అక్కడ ప్రశ్న ఒక్కటే, దానికి కొలత ఉంది.

విశ్రాంత డ్రిల్లింగ్ ఇంజనీరు:

అమ్మా, ముందస్తు కొలతల విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. మా తరం ఇంజనీర్లు ఆ పని చేయకపోవడం తప్పే. అయితే సరైన ఆపుదల అంటే ఆస్ట్రేలియాలోని నార్తర్న్ టెరిటరీ చేసింది. 2016 సెప్టెంబరులో ఆపి, న్యాయమూర్తి రేచల్ పెప్పర్ నాయకత్వంలో విచారణ జరిపించి, 2018 మార్చిలో 135 సిఫార్సులతో నివేదిక తీసుకుని, ఏప్రిల్‌లో ఆపుదల ఎత్తేశారు. గడువు లేని ఆపుదల వాయిదా అవుతుంది గాని విరామం కాదు.

ఆల్బనీ వాసి:

గడువు మాట దగ్గరే నాకు అభ్యంతరం. 2008లో మా రాష్ట్రం రెండేళ్ల గడువు పెట్టి ఉంటే, 2010లో వచ్చే జవాబు "హాని జరిగినట్టు ఆధారం లేదు" అనే. అప్పటికి వెతికినవారే తక్కువ. పశ్చిమ పెన్సిల్వేనియాలో గ్యాస్ బావుల సమీపంలో ఉన్నవారికి ఉబ్బసం తీవ్రమవుతోందని, బావికి మైలు లోపు ఉన్న పిల్లల్లో లింఫోమా అనే క్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తోందని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధనలు 2023లో గాని రాలేదు. అదే పరిశోధన పిల్లల లుకేమియాకు (రక్త క్యాన్సర్‌కు) మాత్రం సంబంధం కనబడలేదన్నదని కూడా చెప్పడం న్యాయం. ఇలాంటి రోగాలు బయటపడే వేగం ప్రభుత్వం పెట్టే గడువులకు లొంగదు.

పక్క రాష్ట్రం భరించిందన్న మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

సస్క్వెహానా కౌంటీ నివాసి:

గడువు గురించి వాదిస్తున్నారు కాబట్టి, మా దగ్గరే జరిగిన ఒక చిన్న ఆపుదల సంగతి చెబుతాను. డిమాక్‌లో నీరు చెడిన తొమ్మిది చదరపు మైళ్ల మేర కొత్తగా గ్యాస్ బావులు తవ్వకూడదని పెన్సిల్వేనియా ప్రభుత్వం ఆంక్ష పెట్టింది, అది పన్నెండేళ్లు నడిచింది. 2022 నవంబరులో, అక్కడ బావులు తవ్విన కంపెనీ కోర్టులో అభియోగాన్ని ఎదిరించకుండా ఒప్పందానికి వచ్చి, గ్రామానికి మంచినీటి పైపులైను వేయడానికి 1.6 కోట్ల డాలర్లకు పైగా ఇస్తానంది. ఆ తొమ్మిది చదరపు మైళ్ల కిందికి బయటి నుంచి అడ్డబోర్లు వేసుకోవచ్చని రాష్ట్రం ఒప్పుకున్నది కూడా అదే రోజు. పైపులైనుకు అప్పటికి గుంట కూడా తవ్వలేదు.