గురి నేర్చుకునేవాళ్లకు ఐరన్ సైట్సా, రెడ్ డాటా?

కొత్తగురి:
ఎయిర్ పిస్టల్ మొదలుపెట్టి మూడు నెలలైంది. రెడ్ డాట్ (అద్దంలో ఎర్ర చుక్క చూపించే గురి సాధనం) పెట్టుకుంటే గురి త్వరగా కుదురుతుందని ఒకరంటే, అది అలవాటైతే అసలు పని ఎప్పటికీ రాదని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

నాచ్‌పోస్ట్:
ఐరన్ సైట్స్‌తోనే, అంటే అద్దం, చుక్క లేని మామూలు సైట్లతోనే నేర్చుకోండి. ముందు ఈ లెక్క చూడండి. ఫ్రంట్ సైట్‌కీ (ముందున్న నిలువు ముక్క, అదే పోస్ట్) రియర్ సైట్‌కీ (వెనక ఉన్న గాడి, అదే నాచ్) మధ్య 320 మి.మీ. ఉందనుకుందాం. నాచ్‌లో పోస్ట్ అర మి.మీ. పక్కకు జరిగితే 10 మీటర్ల దగ్గర దెబ్బ 15 మి.మీ. పైనే తప్పుతుంది. సైట్లు రెండూ కుదిరి ఉండి, చెయ్యి మొత్తం 5 మి.మీ. పక్కకు పోయిందనుకోండి, తప్పేది ఆ 5 మి.మీ. మాత్రమే. టార్గెట్ మధ్యలోని పది రింగు వెడల్పు 11.5 మి.మీ. కాబట్టి అప్పుడూ పది వస్తుంది. అందుకే చూపు ఫ్రంట్ సైట్ మీదే ఉండాలి, టార్గెట్ మసకగా కనిపించినా సరే. ఈ సంగతి చేతికి తెలియాలి, వింటే చాలదు. పైగా 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీల్లో ఓపెన్ సైట్స్‌కే (ఇలాంటి నాచ్, పోస్ట్ సైట్లకే) అనుమతి.

కళ్లజోడు:
పోటీకి వెళ్లేవాళ్ల విషయంలో ఒప్పుకుంటాను. అందరూ వెళ్లరు కదా! నలభై దాటాక దగ్గరి వస్తువు మీద కన్ను నిలవదు. నాకు పోస్ట్ అంచే కనబడదు, ఇక నాచ్‌లో ఎడమా కుడీ ఖాళీలు ఎలా పోల్చను? రెడ్ డాట్‌లో చుక్క దూరంగా ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి చూపు టార్గెట్ మీదే ఉంచవచ్చు. ట్రిగ్గర్ గుంజితే చుక్క ఎగరడం అక్కడికక్కడే తెలుస్తుంది. ఇంతకంటే మంచి గురువు ఏముంటుంది?

నాచ్‌పోస్ట్:
కళ్ల మాట నిజమే, నేను తేలిగ్గా తీసుకున్నాను. కానీ ఫ్రంట్ సైట్ దూరానికి సరిపడే లెన్స్ వేయించుకోవచ్చు. రైఫిల్ అయితే పీప్ సైట్ ఉంది, చిన్న రంధ్రంలోంచి చూస్తే దగ్గరా దూరం రెండూ కాస్త తేటపడతాయి. చుక్కతో నా భయం వేరు. అది ఊగుతుంటే కొత్తవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. మధ్యలోకి రాగానే ట్రిగ్గర్ లాగేస్తారు. ఆ అలవాటు వదిలించడం చాలా కష్టం.

కొత్తగురి:
నేను చేస్తున్న తప్పు అదే! నల్లటి వృత్తం కిందికి పోస్ట్ రాగానే లాగేస్తున్నాను, అదీ ఐరన్ సైట్స్‌తోనే. రేపు వృత్తం లేని తెల్ల కాగితం పెట్టి, ఫ్రంట్ సైట్ మాత్రమే చూస్తూ కాల్చి చూస్తాను.

కళ్లజోడు:
అలాగే చెయ్యండి. కాగితం మీద రంధ్రాల గుంపు ఎంత చిన్నగా పడిందో ఇక్కడ రాయండి, చుక్క సంగతి ఆ తర్వాత చూద్దాం.