పేపర్ టేపా, మెష్ టేపా? జిప్సం బోర్డు అతుకుల మీద తెగని పంచాయితీ

గోడమీదపిల్లి:
బోర్డులు బిగించడం దాకా చాలామంది చేసేస్తారు, అసలు పనితనం అతుకుల దగ్గర బయటపడుతుంది. అందుకే ఈ ప్రశ్న. సొంతంగా చేసుకునేవాళ్లు మామూలు 12.5 మి.మీ. జిప్సం బోర్డు అతుకులకు పేపర్ టేపు వాడాలా, జిగురున్న ఫైబర్ మెష్ టేపు (గాజు పోగుల జల్లి) వాడాలా? పేపరు వర్గం మెష్ పగులుతుందంటుంది, మెష్ వర్గం పేపరు ఉబ్బుతుందంటుంది. "మేం ఎప్పుడూ ఇదే వాడతాం" అన్న జవాబు వద్దు. ఎందుకు పగులుతుందో, ఎందుకు ఉబ్బుతుందో చెప్పండి. గోడంతా ప్లాస్టర్ పూత వేసే పని సంగతి వేరు. ఇక్కడ అడిగేది అతుకులు మాత్రం పూడ్చి, పైన పెయింటు వేసే పని గురించి.

మూడోకోటు:
కొత్త చేతులకైతే మెష్. పేపరు నిలబడాలంటే దాని కింద కాంపౌండు, అంటే అతుకులు పూడ్చే ముద్ద, అంతటా ఉండాలి. ఒకచోట దట్టంగా, ఒకచోట అసలు లేకుండా రాస్తే ఆ ఖాళీలో కాగితం బోర్డును పట్టుకోదు. తడిగా ఉన్నంతసేపు చదునుగానే కనిపిస్తుంది. తర్వాతి పూతల తడో, పెయింటు తడో తగిలాక బుడగలా లేస్తుంది. అప్పటికి మూడు పూతలూ అయిపోయి ఉంటాయి, ఏడ్చి లాభం లేదు. మెష్‌కు ఆ గొడవే లేదు. పొడి బోర్డు మీద అతుక్కి మధ్యగా అంటించి, కాంపౌండును జల్లి కళ్లలోంచి లోపలికి నొక్కడమే. నిచ్చెన మీద ఒక చేత్తో తడి కాగితం, ఇంకో చేత్తో బ్లేడు (కాంపౌండు లాగే వెడల్పాటి రేకు) పట్టుకునే విన్యాసం తప్పుతుంది.

అరమిల్లీ:
అంటించడం తేలికే, ఒప్పుకుంటాను. అంటించాక సంగతేమిటి? తేమ మారినా బోర్డుల వెనకున్న ఫ్రేము కదిలినా రెండు బోర్డులూ వెంట్రుకవాసి జరుగుతాయి. ఆ లాగుడంతా టేపు మీదే పడుతుంది. పేపరు సాగదు. మెష్ ఒక అల్లిక. కళ్లలో ఉన్న కాంపౌండు దారాలను బిగబట్టకపోతే అల్లిక రవ్వంత సాగుతుంది, ఆ రవ్వంతే పైన వెంట్రుక గీతగా పగులుతుంది.

పైగా మెష్ మందం ఎక్కువ. బోర్డు పొడవు అంచులు తయారీలోనే కొద్దిగా పలచబడి ఉంటాయి, అవి కలిసే చోట పడే పల్లం దాన్ని మింగేస్తుంది కానీ, కోసిన చదును అంచుల దగ్గర గడ్డ కట్టినట్టు కనిపిస్తుంది.

ఇక లోపలి మూలలు. పేపరుకు నడిమధ్య మడత గీత ముందే ఉంటుంది, మడిచి మూలలో పెడితే సూటిగా కూర్చుంటుంది. మెష్ మూలలో గుండ్రంగా తిరుగుతుంది, బ్లేడు మొన తగిలితే దారాలు తెగుతాయి. మూలలో తెగిన మెష్ ఉన్నా లేనట్టే.

తాపీపట్టు:
ఇద్దరూ టేపు పట్టుకుని కొట్టుకుంటున్నారు. అసలు తేడా దాని మీద రాసే దానిలో ఉంది.

కాంపౌండు రెండు జాతులు. ఒకటి పొడి. నీళ్లు కలిపితే లోపలి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ రసాయనికంగా మళ్లీ జిప్సంగా మారి గట్టిపడుతుంది. సంచి మీద 20, 45, 90 నిమిషాలు అని రాసి ఉండేది ఇదే. ఇది కుంచించుకోదనే చెప్పాలి. రెండోది డబ్బాలో తయారుగా వచ్చే ముద్ద. అందులో ఎక్కువ భాగం సున్నపురాయి పొడి, కొంత బంక, మిగతాది నీళ్లు. నీళ్లు ఆవిరైతేనే గట్టిపడుతుంది. నీళ్లు పోయిన మేరకు కుంచించుకుంటుంది, ఆరాక కూడా మెత్తన.

మెష్ మీద మొదటి పూత డబ్బా ముద్దతో వేస్తే అరమిల్లీ గారు చెప్పిన పగులు సులువుగా వస్తుంది. అల్లికను బిగబట్టే బలం దానికి లేదు. పొడి రకంతో వేస్తే అదే మెష్ బాగానే నిలుస్తుంది. పేపరుకు రెండూ పనికొస్తాయి, ఎందుకంటే లాగుడు మోసేది కాగితమే. ఫోటోల్లో పగిలిన మెష్ చూపించేవాళ్లను ముందు అడగాల్సింది "కింద ఏం రాశారు?" అని.

మూడోకోటు:
మెష్ వేస్తే మొదటి పూత పొడి రకమే అని మొదటే చెప్పాల్సింది, ఆ తప్పు నాదే. రెండో, మూడో పూతలు డబ్బా ముద్దతో వేసుకోవచ్చు, రుద్దడానికి సుఖం. కానీ కొత్తవాళ్లు 20 నిమిషాల పొడి జోలికి పోవద్దు. కలిపి, నిచ్చెన ఎక్కేసరికే బిగుస్తుంది. 90ది తీసుకోండి, అందులో సగం సమయంలో వాడగలిగినంతే కలపండి.

తాపీపట్టు:
కలపడం దగ్గరే సగం పని చెడుతుంది కాబట్టి ఇదీ చెప్పాలి. బకెట్‌లో ముందు చల్లని శుభ్రమైన నీళ్లు, తర్వాత పొడి. తిరగేస్తే అడుగున ఉండలు మిగులుతాయి. పొడి చల్లి రెండు మూడు నిమిషాలు నాననిచ్చి కలపండి, బ్లేడును నిలువుగా పట్టినా జారిపోనంత చిక్కన రావాలి. ప్రతిసారీ బకెట్, బ్లేడు కడగాలి. అంచుల్లో ఎండిన పాత జిప్సం తునకలు కొత్త ముద్దకు తోడులా పనిచేస్తాయి. పాలలో మజ్జిగ చుక్క పడ్డట్టే, 90 నిమిషాలది ముందే బిగుసుకుంటుంది. బిగుస్తున్న ముద్దలో నీళ్లు పోసి మెత్తబరచడం దండగ, అది మళ్లీ గట్టిపడదు, పొడిలా రాలుతుంది.

కొత్తబ్లేడు:
గోడలకు రాసే సిమెంట్ పుట్టీ మిగిలి ఉంటే దాంతో అతుకులు పూడ్చవచ్చా? అదీ తెల్లగానే, గట్టిగానే ఉంటుంది కదా.

అరమిల్లీ:
వద్దు. అది ప్లాస్టర్ గోడల మీద, కాంక్రీటు మీద పలచగా లాగడానికి చేసినది. బోర్డు కాగితానికీ టేపుకీ సరిగా పట్టదు, అతుకు కదిలితే పెళుసుగా చిట్లుతుంది. రంగు ఒకటైతే సరుకు ఒకటవుతుందా? సంచి మీద "జాయింట్" అన్న మాట వెతకండి.

ఇక పేపరు ఉబ్బకుండా వేసే పద్ధతి. ఏ టేపుకైనా ముందు పని ఒకటే: స్క్రూ తలలు కాగితం చిరగకుండా అర మిల్లీమీటరు లోపలికి దిగాయా అని బ్లేడు అడ్డంగా లాగి చూడండి, టక్కుమంటే ఇంకా బిగించాలి. 3 మి.మీ. దాటిన సందులను పొడి రకంతో ముందే నింపి గట్టిపడనివ్వండి. తర్వాత 150 మి.మీ. బ్లేడుతో అతుకు పొడవునా టేపు కంటే వెడల్పుగా, సుమారు 2 మి.మీ. మందాన కాంపౌండు రాయాలి. ఎక్కడా బోర్డు కనిపించకూడదు. టేపు మడత గీత లోపలికి ఉండేలా పెట్టి, మధ్య నుంచి రెండు కొసలకూ బ్లేడు లాగండి. అంచుల నుంచి ముద్ద కొద్దిగా బయటికి వస్తూ ఉండాలి. ఏమీ రాకపోతే కింద ఏమీ లేదని అర్థం. అలాగని అంతా పిండేయకూడదు, కాగితం కింద పలచటి పొర మిగలాలి. తడి ఉండగానే పైన ఇంకో పలచటి పూత లాగితే అంచులు లేవవు.

మూడోకోటు:
ఇన్ని షరతులు ఉన్నాయి కాబట్టే కొత్తవాళ్లకు మెష్ అన్నాను.

అరమిల్లీ:
షరతులు నాలుగు గజాలకు అలవాటవుతాయి. బుడగ వచ్చినా మందు ఉంది. చిన్నదైతే చీల్చి, కింద కాంపౌండు ఎక్కించి నొక్కాలి. అరచేయంత ఉంటే ఆ ముక్క కోసి తీసి, కొత్త ముక్క వేయాలి. పైన పూతలు వేసి దాచాలనుకుంటే మాత్రం అది దాగదు.

సున్నపుచేయి:
అందరూ పలచబడిన అంచుల గురించే మాట్లాడుతున్నారు. బోర్డును అడ్డంగా కోసిన కొసలు కలిసే చోట ఏ టేపు వేసినా పల్లం ఉండదు. టేపూ పూతా కలిసి సుమారు ఒకటిన్నర మి.మీ. ఎత్తు తప్పదు. దాన్ని మాయం చేయలేం, కంటికి దొరకకుండా వాలు చేయగలం. అతుక్కి అటు 300, ఇటు 300 మి.మీ. లాగితే వాలు 200కు 1 అవుతుంది, మామూలు వెలుతురులో కన్ను పట్టదు. అదే 150 దగ్గర ఆపితే పక్కనుంచి దీపం వెలుగు పడగానే గోడకు వెన్నెముక ఉన్నట్టుంటుంది. ఇలాంటి చోట నేను పేపరు వైపే, మందం తక్కువ కాబట్టి. టేపు వేయక ముందు కొసలను కత్తితో ఏటవాలుగా చెక్కి, పోగులు లేచిన కాగితం తీసేయండి. అసలు ఇలాంటి అతుకులు తక్కువ పడేలా బోర్డులు పరచడమే సగం పని. అవి ఒకే వరసలో రాకుండా అటూ ఇటూ జరపాలి.

గోడమీదపిల్లి:
ఒక గోడకు టేపు ఎంత పడుతుంది? పూతకూ పూతకూ మధ్య ఎంతసేపు ఆగాలి?

తాపీపట్టు:
3.6 మీటర్ల పొడవు, 2.4 ఎత్తు గోడకు 1200 × 2400 బోర్డులు మూడు నిలువుగా పెడితే రెండే అతుకులు, 4.8 మీటర్లు. రెండు మూలలకు ఇంకో 4.8, పైకప్పు అంచు 3.6. మొత్తం 13.2, తరుగుతో 15 అనుకోండి. మూలలూ పైకప్పు అంచూ పక్క గోడలతో ఉమ్మడి, రెండుసార్లు లెక్క వేయొద్దు.

ఆగడం సంగతికొస్తే, పొడి రకం గట్టిపడితే చాలు, పూర్తిగా ఆరకపోయినా పైపూత వేయొచ్చు. డబ్బా ముద్దకు ఓ రోజు పడుతుంది, చలిగా తేమగా ఉంటే ఇంకా ఎక్కువ. బూడిద రంగు పోయి అంతా ఒకే తెలుపు రావాలి. ఆరకుండా మీద పూత వేస్తే లోపలిది తర్వాత కుంచించుకుని, పెయింటు వేశాక అతుకంతా సన్నటి కాలువలా దిగుతుంది. రెండో పూత 250, మూడోది 300 మి.మీ. బ్లేడుతో. ప్రతి పూతా ముందుదాని అంచు దాటాలి.

కొత్తబ్లేడు:
రుద్దేటప్పుడు మెష్ దారాలు బయటపడితే?

మూడోకోటు:
అక్కడితో ఆపండి. దారాలను రుద్దితే తెగుతాయే కానీ చదును కావు. వాటి మీద ఇంకో పూత వేసి, ఆరాక 150 నంబరు గరుకు కాగితంతో, చివర 220తో తేలిగ్గా రుద్దాలి. పక్కన బోర్డు కాగితం మీదికి పోవద్దు, నూగు లేచి పెయింటు కింద గరుకుగా కనిపిస్తుంది. ముక్కుకు సన్నటి దుమ్మును ఆపే ఎఫ్‌ఎఫ్‌పీ2 రకం మాస్కు వేసుకోండి, చేతిగుడ్డ చాలదు. పాత ఇంట్లో ఎప్పుడో పూడ్చిన అతుకులను మాత్రం పరీక్ష చేయించకుండా రుద్దొద్దు. అప్పటి కాంపౌండుల్లో ఆస్‌బెస్టాస్ కలిపేవారు, అమెరికా దాన్ని నిషేధించిందే 1977లో.

మూలలకు పేపరు, కోసిన కొసలకు పేపరు అని ఒప్పుకున్నాను. పలచబడిన అంచులకు మెష్, కింద 90 నిమిషాల పొడి. అక్కడ నుంచి కదలను.

అరమిల్లీ:
మూలలకు ఎలాగూ పేపరు చుట్ట కొంటారు, కాంపౌండు కలిపే ఉంటుంది. పలచబడిన అంచుల కోసం ఇంకో చుట్ట ఎందుకో మీరింకా చెప్పలేదు.