పశుపోషణ రివ్యూలో అచ్చుకాని థీసిస్‌లు కలపొచ్చా?

గరివిడి స్టూడెంట్:
అజొల్లా (నీటి మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క) మేపితే పాడి పశువుల్లో పాలు పెరుగుతాయా అన్నదాని మీద సిస్టమాటిక్ రివ్యూ (ఒక ప్రశ్న మీద ఉన్న అధ్యయనాలన్నీ పద్ధతిగా వెతికి బేరీజు వెయ్యడం) మొదలుపెట్టాను. పబ్‌మెడ్ అనే పరిశోధన పేపర్ల డేటాబేస్‌లో కొద్దిగానే దొరికాయి. వ్యవసాయ యూనివర్సిటీల థీసిస్‌లు దాచే కృషికోశ్ సైట్‌లో వెటర్నరీ థీసిస్‌లు బాగా ఉన్నాయి. జర్నల్లో రానివి పక్కన పెట్టెయ్యమంటున్నారు గైడ్ సార్. మీరేమంటారు?

రాజాం డాక్టర్:
సార్ చెప్పిందే సరి. థీసిస్ పట్టికలో సగటు పాలు ఉంటాయి, పక్కన ప్లస్ ఆర్ మైనస్ అని ఒక అంకె ఉంటుంది. అది స్టాండర్డ్ ఎర్రరో (సగటు ఎంత కచ్చితమో చెప్పేది), డీవియేషనో (పశువుకీ పశువుకీ ఎంత తేడానో చెప్పేది) ఎక్కడా రాయరు. అన్ని ట్రయల్స్ అంకెలూ కలిపి లెక్క కట్టే మెటా అనాలిసిస్‌లో ఏం పెడతావు బాబూ?

బొబ్బిలి పీజీ:
డాక్టర్ గారూ, ఆ లోపం జర్నల్ పేపర్లలో లేదా ఏటి? పాలు పెరిగాయన్న ట్రయల్ పేపరై వస్తుంది, తేడా రాలేదన్నది బీరువాలోనే ఉండిపోతుంది. అచ్చయినవే ఏరుకుంటే అజొల్లా కామధేనువై కూర్చుంటుంది.

లెక్క చూడండి. పచ్చి అజొల్లాలో 93 శాతం దాకా నీళ్లే. రెండు కిలోలు వేస్తే పొడి పదార్థం 140 గ్రాములు. అందులో ప్రొటీన్ పాతిక శాతం అనుకున్నా 35 గ్రాములు. ఇంచుమించు లీటరు పాలలో ఉండేటంత. తిన్నదంతా పాలలోకి దిగదు కూడా. కరపత్రాల్లో మాత్రం 15 శాతం పెరుగుతాయని రాసేస్తారు! తవుడు, చెక్క తగ్గించి దాని బదులు వేశారా, ఉన్న దాణా మీద అదనంగా వేశారా అన్నది ముందు తేలాలి. పేపర్లో దానికి ఒక్క వాక్యం ఉంటే ఎక్కువ. థీసిస్‌లో దాణా పాళ్లు, ఈని ఎన్నాళ్లయింది, అన్నీ ఉంటాయి.

రాజాం డాక్టర్:
లెక్క బాగుంది. కానీ మన వైపు చాలా పశువులకి వరిగడ్డే ఆధారం, అందులో ప్రొటీన్ 3, 4 శాతం. వాటికి ఆ 35 గ్రాములే గొప్ప. ఫారంలో పచ్చిమేత, దాణా దండిగా తిన్న ఆవు మీద తేడా రాలేదని ఇక్కడి రైతుకి ఎలా చెబుతాం?

బొబ్బిలి పీజీ:
అది థీసిస్ తప్పు కాదు కదండీ. మూల మేతని బట్టి విడగొట్టి చూడాలి.

ఎచ్చెర్ల స్టాట్స్:
ఇద్దరూ అసలు చిక్కు వదిలేశారు. ఒకే థీసిస్‌లోంచి ఒకటి రెండు పేపర్లు వస్తాయి. అన్నీ కలిపితే అవే పశువులు మూడుసార్లు లెక్కలోకి వస్తాయి. యూనివర్సిటీ, గైడ్ పేరు, పశువుల సంఖ్య పక్కపక్కన పెట్టి సరిచూడు తమ్ముడూ. లాటిన్ స్క్వేర్‌లో (అవే పశువులకి విడతకో మేత మార్చి పెట్టే పద్ధతి) నాలుగు ఆవులు నాలుగు విడతలు తింటే 16 ఆవులు అయిపోవు.

రివ్యూ ఎలా రాయాలో చెప్పే ప్రిస్మా 2020 మార్గదర్శకాల ఫ్లో డయాగ్రంలో డేటాబేస్‌ల బయట దొరికినవాటికి వేరే వరస ఉంది. థీసిస్‌లు కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి లెక్క కట్టు. అలా చేస్తానని ఫలితాలు చూడకముందే ప్రోటోకాల్లో (రివ్యూ ఎలా చేస్తావో ముందే రాసుకునే ప్రణాళిక) రాసెయ్. అధ్యయనాలు ఏరేటప్పుడు రెండో మనిషి విడిగా చూడాలి, ఒక్కడివే చేసి సిస్టమాటిక్ అనకు.

రాజాం డాక్టర్:
రెండు జవాబులిస్తే ఎవరికి నచ్చింది వాళ్లు పట్టుకుపోతారు. నేను ఒప్పుకోను.

గరివిడి స్టూడెంట్:
రూమ్మేట్‌ని బతిమాలి కూర్చోబెట్టాను మేడం. కొందరు మామూలు పాలు రాశారు, కొందరు 4 శాతం వెన్నకి సరిచేసి రాశారు. ఎలా కలపాలి?

ఎచ్చెర్ల స్టాట్స్:
వెన్న శాతం ఇచ్చి ఉంటే నువ్వే మార్చుకోవచ్చు. పాల కిలోలని 0.4తో, వెన్న కిలోలని 15తో గుణించి కలుపు. ఇవ్వకపోతే ఆ ట్రయల్‌ని మామూలు పాల పట్టికలోనే ఉంచు.