అమ్మ మొక్కుకుంది, నేనేమో కరెంటు స్తంభాలెక్కుతున్నా. నా మీద దేవుని ఉద్దేశం ఏది?

స్తంభమెక్కినోడు:

అందరికీ వందనాలు. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నా, రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి.

మాది ఒంగోలు దగ్గర పల్లె. తాతల కాలం నుంచీ బాప్టిస్టులం. నాకు ముందు అమ్మకి ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. నేను కడుపులో ఉన్నప్పుడు ఉపవాస కూటంలో మోకాళ్ల మీద ఉండి, "ఈ బిడ్డ బతికితే నీ సేవకే ఇచ్చేస్తా ప్రభువా" అని మొక్కుకుంది. నేను బతికాను. పేరు కూడా దానికి తగ్గట్టే పెట్టింది. బైబిల్లో హన్నా ఇట్లానే మొక్కుకుని కన్న కొడుకు పేరేందో మీకందరికీ తెలుసు గదా, సమూయేలు, అదే.

దాంతో చిన్నప్పటి నుంచీ ఊళ్లో నేను కాబోయే అయ్యగారినే (పాస్టర్‌నే). సండే స్కూల్లో కంఠత వాక్యం చెప్పడానికి అందరికంటే ముందు నన్ను నిలబెట్టేవాళ్లు. నిలబడితే నోరు పెగిలేది కాదు. ఇప్పటికీ అంతే, నలుగురి ముందు ప్రార్థన చెయ్యమంటే అరచేతులు తడిసిపోతాయి. పదో తరగతి అయ్యాక ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివాను. 2019లో సచివాలయాల పోస్టులు పడ్డప్పుడు జూనియర్ లైన్‌మన్‌గా వచ్చాను. అమ్మ అప్పుడు ఏమీ అనలేదు, ఇంట్లో అప్పులున్నాయి మరి.

ఉన్నమాట చెప్పాలంటే ఈ పని నాకిష్టం. గాలివాన కొట్టి ఊరంతా చీకటైపోయాక అర్ధరాత్రి లైను సరిచేసి ఫ్యూజు వేస్తే, ఇళ్లల్లో ఒక్కసారిగా లైట్లు వెలిగి పిల్లలు "ఓ..." అని అరుస్తారు చూడండి. స్తంభం మీద నుంచి అది వింటే ఒళ్లు పులకరిస్తుంది. మందిరంలో నాకెప్పుడూ అట్లా కాలేదని చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

మొన్న వేసవిలో దెబ్బ తగిలింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్విచ్ తీసేసి, ఎల్‌సీ (లైను మీద పనికి అనుమతి) తీసుకునే ఎక్కాను. లైను చచ్చి ఉందనుకున్నా. రెండు వీధుల అవతల పెళ్లింట్లో జనరేటర్ నడుస్తోంది, దాని కరెంటు వెనక్కి లైన్లోకి వచ్చింది. పట్టుకోగానే విసిరికొట్టింది. బెల్టు కూడా తగిలించుకోలేదు. ఎడమ మణికట్టు విరిగింది, నెలన్నర కట్టు. తప్పు నాదే. ఎక్కాక ముందు టెస్టర్‌తో చూసి, లైనుకి ఎర్త్ చేసి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. ఎండ మండిపోతోంది, తొందరపడ్డాను.

అమ్మ లెక్క వేరు. "యోనా లాగా పారిపోతున్నావు, అందుకే దేవుడు కొట్టాడు" అంది. 2023లో నా పేరున వచ్చిన వాగ్దాన కార్డు (కొత్త సంవత్సరానికి సంఘంలో ఇచ్చే వాక్యం కార్డు) యిర్మీయా 1:5. గర్భంలో రూపించకమునుపే ఎరిగాను, ప్రతిష్ఠించాను అనే వాక్యం. దాన్ని లామినేషన్ చేయించి ఫ్రిజ్జుకి అంటించింది. మంచినీళ్ల బాటిల్ తీసినప్పుడల్లా కనబడుతుంది. మా అయ్యగారు కూడా జూన్‌లో బైబిల్ ట్రైనింగ్‌కి వెళ్లమంటున్నారు, ఫీజు సంఘం చూసుకుంటుందట.

నేనడిగేది ఒకటే. అమ్మ మొక్కు, నా మీద దేవుని ఉద్దేశం, రెండూ ఒకటేనా? కాకపోతే నాది నేను ఎట్లా తెలుసుకోవాలి? "ప్రార్థన చెయ్యి" అని మాత్రం చెప్పకండి, చేస్తూనే ఉన్నా.

గ్రేస్_2001:

ప్రైజ్ ద లార్డ్ బ్రదర్. 21 రోజుల ఉపవాసం పెట్టుకుని ఒక గుర్తు అడగండి. గిద్యోను ఉన్ని పరిచి మంచు గుర్తు అడగలేదా? నేను డిగ్రీలో ఏ గ్రూపు తీసుకోవాలో అట్లానే తెలుసుకున్నాను.

సేవకుడు_నెల్లూరు:

బ్రదర్, కఠినంగా ఉన్నా చెప్పాలి. ప్రసంగి 5వ అధ్యాయం 4, 5 వచనాలు చదవండి. మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలని ఉంది. నోరు పెగలదంటున్నారు, మోషే కూడా అదే మాట అన్నాడు. నేను 2011లో బ్యాంకు ఉద్యోగం వదిలేసి వచ్చాను. ఇబ్బందులు పడ్డాం గానీ పస్తు పడుకున్న రోజు లేదు. జీతం భయమే అయితే ఆ భయం వదలండి.

స్తంభమెక్కినోడు:

అన్నా, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. మోషేని దేవుడే పొదలో నుంచి పిలిచాడు. యోనాకి కూడా నీనెవెకి పొమ్మని దేవుడే చెప్పాడు, వాళ్లమ్మ కాదు. నన్ను పిలిచింది మా అమ్మ. నా చిక్కంతా అక్కడే ఉంది.

గ్రేస్ చెల్లీ, గుర్తు అడగాలంటే భయం. మణికట్టు విరిగిందే ఒక గుర్తని ఇంట్లో ఆల్రెడీ తీర్పు అయిపోయింది.

చివరి_బస్సు:

తమ్ముడూ, నేను రిటైరైన బస్ కండక్టర్ని. 31 ఏళ్లు టికెట్లు కొట్టాను. అంతకుముందు రెండేళ్లు బైబిల్ ట్రైనింగ్ చేసి, మూడేళ్లు ఒక ఊళ్లో సంఘం చూశాను. నన్నూ మొక్కుకున్నారు. నన్ను పాము కరిచి బతికానని మా నాన్న మొక్కు.

నాకు నోరు బాగానే తిరిగేది, అదే మోసం చేసింది. ప్రసంగం బాగుందని అందరూ అనేవాళ్లు. చావు ఇంటికి వెళ్తే మాత్రం ఏం మాట్లాడాలో తెలియక ఒక వాక్యం చదివి, ప్రార్థన చేసి, గబగబా లేచి వచ్చేసేవాణ్ణి. ఆ ఇంటివాళ్లు నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మూడో ఏడాది చివర్లో ఎవరికీ చెప్పకుండా పెట్టె సర్దుకుని వచ్చేశాను. తర్వాత తొమ్మిదేళ్లు ప్రతి జ్వరమూ, ప్రతి బాకీ దేవుని దెబ్బే అనుకుని బతికాను. మా ఆవిడకి కడుపు నిలవకపోతే అదీ నా వల్లే అనుకున్నా. అందుకే మీ పోస్టు చదివి ఊరుకోలేకపోయాను.

నన్ను అందులోంచి బయటపడేసింది లేవీయకాండం 27వ అధ్యాయం. దాని మీద ప్రసంగం చేసినవాళ్లని నేను చూడలేదు. మనిషిని మొక్కుకుంటే ఏం చెయ్యాలో అందులో ఉంది. 20 నుంచి 60 ఏళ్ల లోపు మగమనిషికి 50 తులాల వెండి, ఆడమనిషికి 30. అరవై దాటిన నాలాంటివాడికి 15. అంటే మొక్కుకున్న ప్రతివాణ్ణీ దేవుని గుడారంలో పనికి పెట్టుకోలేదు, ఆ పని లేవీ గోత్రంవాళ్లది. వెల కట్టి, వెండి తీసుకుని, మనిషిని ఇంటికి పంపేవాళ్లు. మన బైబిల్లో తులం అన్నది షెకెలు, 11 గ్రాముల పైచిలుకు. 50 అంటే అరకిలో దాటుతుంది. మరి లేనివాడు? 8వ వచనం చూడండి. యాజకుడు వాడి తాహతు చూసి వెల తగ్గిస్తాడు. ఒకరి మొక్కులో ఇంకొకరు ఇరుక్కుపోతారని ముందే తెలిసి, బయటికి రావడానికి దేవుడే తలుపు పెట్టాడు. (మనం ధర్మశాస్త్రం కింద లేము, వెండి కట్టమని కాదు నేను చెప్పేది. ఆయన మనసు ఎట్లాంటిదో చూడమంటున్నా.)

సమూయేలు సంగతి కూడా జాగ్రత్తగా చదవండి. వాళ్లమ్మ హన్నా తీసుకెళ్లి యాజకుడు ఏలీ దగ్గర వదిలింది, నిజమే. కానీ 3వ అధ్యాయంలో, అప్పటికి సమూయేలు ఇంకా యెహోవాను ఎరగడని రాసి ఉంది. మందిరంలోనే పడుకుంటున్నాడు, ఎరగడు! తర్వాత దేవుడు వేరుగా, పేరు పెట్టి పిలిచాడు. హన్నా మొక్కుతోనే పని అయిపోతే ఆ రాత్రి పిలుపు ఎందుకు?

నెల్లూరు అయ్యగారికి ఒక మాట. మీ పిలుపు నిజమైందే, నేను కాదనను. కానీ మార్కు 5లో దయ్యాలు వదిలినవాడు "నీతోనే వస్తా" అని బతిమాలితే, ప్రభువు వద్దని ఇంటికి, తనవాళ్ల దగ్గరికి పంపాడు. అతనిదీ పంపడమే గదా.

ఇంకొకటి, మీరు ఒంగోలు వాళ్లు కాబట్టి. క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాడు. మిషనరీ కాకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు. ఆ చదువు మన పల్లెల్లో సువార్తకి దేనికి పనికొస్తుందని ఎవరైనా అనుకుంటారు. 1876–78 కరువులో జనం ఆకలితో రాలిపోతుంటే, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు ఆయనే తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. అక్కడ పనికొచ్చింది ఆ సర్వే గొలుసే. గంజి కోసం దేవుణ్ణి నమ్ముకున్నారనే మాట రాకూడదని కరువు సాయం నడుస్తున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది మునిగారు. మీ తాతల తాతలు అందులో ఉన్నారేమో ఇంట్లో అడగండి. మా వాళ్లు ఉన్నారని మా నాయనమ్మ చెప్పేది, నిజమో గొప్పకో మరి.

నేను చావు ఇళ్లల్లో మాట్లాడటం నేర్చుకుంది బస్సులోనే. రాత్రి చివరి ట్రిప్పులో ఆస్పత్రి నుంచి వచ్చేవాళ్లు ఎక్కేవాళ్లు. ఏమీ మాట్లాడక్కర్లేదు, పక్కన కూర్చుంటే చాలని అక్కడ అర్థమైంది.

ముగ్గురి_తల్లి:

చదివి కళ్లు తుడుచుకుని రాస్తున్నా. నేను స్టాఫ్ నర్సుని, మొక్కుకున్న తల్లిని కూడా. మా రెండోవాడికి ఎనిమిదో నెలలోనే కాన్పు అయింది. గాజుపెట్టెలో చేతివేలంత లావున్న వాడి కాలు చూసి, నేనూ అదే మాట అన్నాను, నీ సేవకిచ్చేస్తా అని. ఆ మాట అంటున్నప్పుడు నా కళ్లముందు పుల్పిట్టూ లేదు, బైబిల్ కాలేజీ లేదు. వాడు ఊపిరి తీసుకోవాలి, అంతే. దేవుడితో బేరానికి నా దగ్గర అంతకంటే పెద్దది లేదు. వాడిప్పుడు ఇంటరు, క్రికెట్ పిచ్చి.

తమ్ముడూ, వాక్యాలతో మీ అమ్మగారిని గెలవలేరు. పోయిన ఆ ఇద్దరు బిడ్డల గురించి ఆమెని ఎప్పుడైనా అడిగారా?

ఇంకోమాట, నర్సుగా. దేవుని చిత్తం తర్వాత తేల్చుకుందురు గానీ, ముందు బెల్టు పెట్టుకోండి. కరెంటు కొట్టినవాళ్లని మా వార్డులో చాలామందిని చూశాను.

స్తంభమెక్కినోడు:

పదిరోజులైంది, ఆలస్యానికి క్షమించండి. ఈదురుగాలులకి లైన్ల మీద చెట్లు పడి నిద్ర లేదు. (అక్కా, బెల్టు పెట్టుకుంటున్నా. ఎర్త్ కూడా చేస్తున్నా. మా షిఫ్ట్ ఆపరేటర్ నవ్వుతున్నాడు.)

అమ్మని అడిగాను. రాత్రి అన్నం తిన్నాక, ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తుంటే. మొదట విననట్టే ఉంది. నేను లేచి వెళ్లబోతుంటే చెప్పింది. మొదటిది ఆడపిల్లట. నాకు ఇన్నేళ్లూ ఇద్దరూ మగపిల్లలే అనుకున్నా. మూడోరోజు పోయింది. పిల్లగాడు పదకొండు నెలలు ఉన్నాడు, "అత్త, తాత" అనేవాడట, జ్వరంలో ఫిట్స్ వచ్చి పోయాడు. ఇద్దర్నీ చెరువు కట్ట కింద పెట్టారు. ఆ కట్ట మీద రెండు స్తంభాలున్నాయి, నేను ఎన్నిసార్లు ఎక్కానో లెక్క లేదు. అమ్మకి ఆ సంగతి తెలుసు. నేను అటు డ్యూటీకి వెళ్లిన ప్రతిసారీ తెలుసు.

"నిన్ను పంతులు చెయ్యాలని కాదురా, మాట తప్పితే నిన్ను కూడా తీసుకుంటాడేమోనని" అంది. 29 ఏళ్లుగా ఆ భయం పెట్టుకుని ఉంది.

నాకేం చెప్పాలో తెలియలేదు. బాబాయ్, మీరు చెప్పిన లేవీయకాండం 27 చదివి వినిపించాను. వింటుందో లేదో అనుకున్నా. 8వ వచనం మళ్లీ చదవమంది. తర్వాత లోపలికెళ్లి ట్రంకుపెట్టెలో నుంచి పెళ్లినాటి కాళ్ల పట్టీలు తెచ్చి నా ముందు పెట్టి, "ఇవి ఎన్ని తులాలుంటాయిరా?" అంది.

వెండి ఇవ్వక్కర్లేదమ్మా, మనం కృప కింద ఉన్నాం, అది అప్పటి సంగతి అని మీరన్నట్టే చెప్పాను. "అప్పు పెట్టింది నేను, తీర్చేది నేను. నువ్వు ఊరుకో" అంది. పొద్దున్నే తనే బజారుకెళ్లి తూకం వేయించుకొచ్చింది. పావుకిలోకి కొంచెం తక్కువ. ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారి చేతికిచ్చి, తాహతుకి తగ్గ వెల ఇంతేనని చెప్పుకుంటుందట.

బైబిల్ ట్రైనింగ్ ఫారం ఇంకా నింపలేదు, చింపలేదు కూడా. నెల్లూరు అన్నా, ఆయన నన్ను పేరు పెట్టి పిలిస్తే మాత్రం పోతాను, అది రాసిపెట్టుకోండి. ఫ్రిజ్జు మీద కార్డు అట్లాగే ఉంది. నాకిప్పుడది అంత బరువుగా లేదు.

అయ్యగారు పట్టీలు తీసుకుంటారో, తిప్పి పంపుతారో తెలియదు. తిప్పి పంపితే అమ్మ ఏమైపోతుందోనని నాకు గుబులుగా ఉంది. వెళ్లి ఆయనకి ముందే ఒక మాట చెప్పనా, వద్దా? ఆదివారం నాకు సబ్‌స్టేషన్ డ్యూటీ. అమ్మ ఒక్కతే వెళ్తానంటోంది.