గేటు బటన్ కారులోనే సెట్ చేసుకోవాలా, రిమోటే వాడుకోవాలా?

కొర్లగుంట కుర్రోడు:
అన్నా, మా మామ సెకండ్స్‌లో కొన్న ఫారిన్ కారులో అద్దం కింద మూడు బటన్లుండాయి, హోమ్‌లింక్ అంట, గేటు రిమోట్ పని కారులోంచే చేసేవి. ఇంటి స్లైడింగ్ గేటు మోటార్‌ది 433 మెగాహెర్ట్జ్ రిమోటు. బటన్‌కి కలుపుదామంటే అత్త ఒప్పుకోవడంలా, కారు పోతే ఇల్లు కూడా పోయినట్టే అంటాది. మీరేమంటారు?

రేణిగుంట రోడ్డు:
అత్త చెప్పిందే కరెక్టు. కొండకి నడిచిపోతే కారు అలిపిరిలో పొద్దంతా ఉంటాది, సర్వీసుకిస్తే తాళం వాళ్ల చేతిలో, ఆర్‌సీ మీద ఇంటి అడ్రసు. బటన్ ఎవరు నొక్కినా గేటు తెరుచుకుంటాది కదప్పా.

గేటు మోటార్ పనోడు:
రిమోట్ మాత్రం యాడ పెడతారన్నా? సన్ వైజర్‌కి తగిలించడమే కదా, అద్దం పగలగొట్టినోడు దాన్ని జేబులో ఏసుకొని పోతాడు. అసలు చూడాల్సింది మోటార్ ఏ రకమని. రిమోట్ మూత తీస్తే లోపల వరసగా బుల్లి స్విచ్‌లు కనిపిస్తే అది ఫిక్స్‌డ్ కోడ్, ఎప్పుడూ ఒకటే కోడ్ పంపిస్తాది, 2015లో సామీ కమ్‌కర్ అనే సెక్యూరిటీ రీసెర్చర్ పిల్లల బొమ్మ ఒకటి మార్చి అట్లాంటివి పది సెకన్లలోపే తెరవొచ్చని చూపించినాడు. అది ఉంటే బటనూ రిమోటూ రెండూ దండగే, ముందు మోటార్ రిసీవర్, అంటే రిమోట్ సిగ్నల్ అందుకునే భాగం, మార్చండి. రోలింగ్ కోడ్ అయితే నొక్కిన ప్రతిసారీ కోడ్ మారతాది, ధైర్యంగా కలుపుకోవచ్చు.

ముందు పాత ఓనరు పెట్టిన కోడ్‌లు చెరపాల, ఆ చివరా ఈ చివరా బటన్లు రెండూ కలిపి లైటు గబగబా కొట్టుకునేదాకా పట్టుకోవాల. తర్వాత రిమోట్‌ని రెండు మూడు అంగుళాల దూరంలో పెట్టి నేర్పించాల. రోలింగ్‌కి ఇంకోటుంది, మోటార్ బోర్డు మీద లెర్న్ బటన్ నొక్కి 30 సెకన్లలోపల కారు బటన్ రెండు మూడుసార్లు నొక్కాల, అందుకే ఇద్దరుంటే సుళువు. మన దగ్గర అమ్మే మోటార్లన్నిటికీ ఇది కుదరదు, కుదరకపోతే సరిపోయే రిసీవర్ విడిగా పెట్టించుకోవాల.

రేణిగుంట రోడ్డు:
కారే దొంగలు తీసకపోతే?

గేటు మోటార్ పనోడు:
చాలా మోటార్లలో లెర్న్ బటన్ అట్లే పట్టుకుంటే మెమరీ మొత్తం పోతాది, మిగిలిన రిమోట్లు మళ్లీ కలుపుకోవాల. నాకు దొంగలకన్నా పిల్లోళ్ల భయమే ఎక్కువన్నా, కారు తోలేవాళ్లు సందు మలుపులో గేటు కనిపించకముందే బటన్ నొక్కేస్తారు, గేటు పట్టాల మీద ఎవరుండారో తెలీదు. అడ్డమొస్తే ఆగే సెన్సార్ లేని గేటుకైతే కారు బటన్ వద్దనే నేనూ అంటా.

కొర్లగుంట కుర్రోడు:
సెన్సార్ లేదన్నా మా గేటుకి. ముందు అది పెట్టిస్తాం.